మెట్రో రైలు ప్రమాదాలు – గోడమీది ఎర్రమీట

ఈసారి ఒక వ్యాధి గురించి కాక, నేను చేసిన ఒక పొరపాటు గురించి చెప్పి అసలు విషయంలోకి వస్తాను.

కొన్ని నెలల క్రితం నేనూ నా భార్యా బంధువుల ఇంట నిశ్చితార్థానికి బయలుదేరాము. మెట్రో స్టేషను మెట్లెక్కేసరికి రైలు ప్లాట్‌ఫారం మీద నిలిచి ఉన్నది. తలుపులు మూసుకోబోతున్నట్లు గంట మోగుతున్నది. మరి కొద్ది నిమిషాలలో ఇంకో రైలు వస్తుందని ఎదురుగా తెరమీద రాసి ఉన్నది కూడా. అయినా ‘రా, రా’ అంటూ నేను ముందు పరుగెత్తి లోపలికి దూరాను. ఆమె కాలు పెట్టేలోపే తలుపులు మూసుకున్నాయి. భయపడి వెనక్కి తగ్గింది. కాని పట్టుచీర కొంగు చివర తలుపు రెక్కల మధ్య చిక్కుకుపోయింది.

నేను లోపల, ఆమె బయట. మా ఇద్దరి మధ్య ఒక అద్దం. అత్యవసర విభాగంలో ఎన్నో రాత్రులు పనిచేసినవాడిని, ఆ క్షణంలో రెండు చేతులతో అద్దాన్ని బాదుతూ నిలుచున్నాను. నా పక్కనున్న కాలేజీ అమ్మాయి మాత్రం చప్పున చేయి చాచి, తలుపు పక్కన రైలు నడిపే వారితో మాట్లాడడానికి ఉన్న మీటను నొక్కింది. బయట కాపలా ఉద్యోగి ఈల వేశాడు. తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. ఆమె కొంగు లాక్కున్నది. నేను దిగిపోయాను.

ప్లాట్‌ఫారం మీది బల్లపై కూర్చుని ఊపిరి కుదుటపడ్డాక నా భార్య ఒకే మాట అడిగింది. “ఆ పిల్లకు తెలిసింది మీకెందుకు తెలియలేదండీ?”

నా వద్ద సమాధానం లేదు. ఆ రైళ్ళలో ఎన్నో మార్లు ప్రయాణించాను. ఆ మీటను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ తరువాత మెట్రో రైళ్ళలో సంభవించే తీవ్ర గాయాల గురించి, మరణాల గురించి చదివాను. చదివినకొద్దీ నా భార్య ప్రశ్నే మళ్ళీ మళ్ళీ ఎదురయింది. చాలా ప్రమాదాలలో ప్రాణం కాపాడగల సాధనం అక్కడే ఉన్నది. దాన్ని ఉపయోగించడం మాత్రం ఆ సమయానికి అక్కడున్నవారికి తెలియలేదు.

తలుపుల మధ్య చిక్కుకోవడం

మెట్రో రైళ్ళు మిగిలిన వాహనాలతో పోలిస్తే చాలా భద్రమైనవి. ఈ మాట మొదటే చెప్పాలి. ఇది చదివి ఎవరైనా మెట్రో మానేసి మోటారుసైకిలెక్కితే నేను మేలు చేసినవాడిని కాను, కీడు చేసినవాడిని అవుతాను. అయితే ఆ భద్రతలో కొన్ని సందులున్నాయి.

2019 జులైలో కలకత్తా పార్క్ స్ట్రీట్ స్టేషనులో ఒక పెద్దమనిషి చేయి తలుపులో చిక్కుకున్నది. రైలు కదలడంతో ఆయన మరణించారు. 2023 డిసెంబరులో ఢిల్లీ ఇందర్‌లోక్ స్టేషనులో ఒక స్త్రీ దుస్తులు తలుపులో చిక్కుకున్నాయి. రైలు ఆమెను ఈడ్చుకుపోయింది. తరువాత ఆమె ఆసుపత్రిలో ప్రాణం విడిచింది.

తలుపుకు ఏదైనా అడ్డం వస్తే అది దానంతట అదే తెరుచుకుంటుంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే, కాని అడ్డం వచ్చిన వస్తువుకు కొంత మందం ఉండాలి. తలుపు అంచులకు మెత్తని రబ్బరు ఉంటుంది. చీరకొంగు, చున్నీ, సంచి పట్టీ వంటి పలుచని వస్తువులు ఆ రబ్బరు అంచుల మధ్య ఇమిడిపోతాయి. తలుపు పూర్తిగా మూసుకున్నట్లే యంత్రానికి తోస్తుంది. చీరకొంగును గుర్తించే కన్ను దానికి లేదు.

కనుక గంట మోగడం మొదలయ్యాక ఎక్కే ప్రయత్నం చేయకండి. కొంగు, చున్నీ నడుముకు దోపుకోండి. ఏదైనా చిక్కుకుంటే దాన్ని లాగుతూ కాలం వృథా చేయవద్దు. సంచీ అయితే వదిలేయండి, చున్నీ అయితే మెడనుంచి తీసివేయండి. చుట్టూ ఉన్నవారు కేకలు వేస్తూ నిలబడకుండా మీట నొక్కాలి.

రైలు ఈడ్చినవారికి ముఖ్యంగా తలకు దెబ్బ తగులుతుంది. కొందరు లేచి కూర్చుని బాగానే మాట్లాడుతారు. పుర్రె ఎముకకు, మెదడు పైపొరకు మధ్య ధమని చిట్లితే నెత్తురు నెమ్మదిగా చేరి, కొన్ని గంటల తరువాత మెదడును నొక్కివేస్తుంది. ‘మాట్లాడుతున్నాడు కదా, ఇంటికి తీసుకువెళ్దాం’ అనుకోవడం పొరపాటు. తలకు గట్టి దెబ్బ తగిలినవారిని తప్పకుండా ఆసుపత్రికి చేర్చాలి.

పట్టాలమీద పడిపోవడం

పట్టాలమీద పడినవారందరూ అజాగ్రత్తపరులని అనుకోకండి. కొందరికి మూర్ఛ వస్తుంది. కొందరికి ఒక్కసారిగా రక్తపీడనం పడిపోయి స్పృహ తప్పుతుంది. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకుని ఆహారం ఆలస్యం చేసినవారికి నెత్తురులో చక్కెర తగ్గి కళ్ళు తిరుగుతాయి. నా వయస్సువారిలో, రక్తపీడనానికి మందులు వాడేవారిలో, కూర్చున్నచోటి నుంచి గబుక్కున లేస్తే తల తిరగడం సాధారణం. బల్లమీంచి లేచి ప్లాట్‌ఫారం అంచుకు నడవడానికి పది అడుగులు చాలు. ఇక మద్యం మత్తు, చేతిలోని ఫోను సంగతి వేరే చెప్పనక్కరలేదు.

2007 జనవరి 2న న్యూయార్క్ నగరంలో ఒక యువకుడు మూర్ఛ వచ్చి ప్లాట్‌ఫారం మీదనుంచి పట్టాల మధ్య పడ్డాడు. రైలు వస్తున్నది. అక్కడే ఉన్న వెస్లీ ఆట్రీ అనే భవన నిర్మాణ కార్మికుడు తన ఇద్దరు కూతుళ్ళను ప్లాట్‌ఫారం మీద వదిలి కిందకు దూకాడు. ఆ యువకుణ్ణి పైకి లాగే సమయం లేదని గ్రహించి, పట్టాల మధ్యనున్న పల్లంలో అతనిని అదిమిపట్టి పైన పడుకున్నాడు. రైలు వారిమీదుగా వెళ్ళి ఆగింది. ఇద్దరూ బ్రతికారు.

ఆట్రీ సాహసానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. మీరు మాత్రం అలా చేయకండి. అక్కడ పట్టాల మధ్య తగినంత పల్లం ఉండబట్టి ఇద్దరూ దక్కారు. లండను భూగర్భ రైలు స్టేషన్లలో చాలాచోట్ల పట్టాల మధ్య లోతైన గుంటలుంటాయి. అవి ఉన్న స్టేషన్లలో రైలు కిందపడినవారి మరణాలు తక్కువని అక్కడి వైద్యులు పరిశీలించి 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. అన్ని నగరాలలోనూ ఆ గుంటలు ఉండవు.

పైగా విద్యుత్తు ఉన్నది. కలకత్తా, బెంగుళూరు మెట్రోలలో పట్టాల పక్కన మూడవ పట్టాలో 750 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. హైదరాబాదు, ఢిల్లీ, చెన్నై మెట్రోలలో పైన తీగలలో 25,000 వోల్టులుంటుంది. ఆ తీగను తాకనక్కరలేదు, బాగా దగ్గరకు వెళ్ళినా విద్యుత్తు గాలిలోనుంచి దూకగలదు. ఫోను జారి పట్టాలమీద పడితే కర్రతోగాని, గొడుగుతోగాని తీయబోకండి. ఉద్యోగులకు చెప్పండి, వారు తీసి ఇస్తారు.

మరి రైలును ఆపలేరా? ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. గంటకు 54 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 15 మీటర్లు. అత్యవసర బ్రేకు ఆ వేగాన్ని ప్రతి సెకనుకూ 1.3 మీటర్ల చొప్పున తగ్గిస్తుందనుకుంటే, రైలు ఆగడానికి 11, 12 సెకనులు పడుతుంది. ఈలోగా 85 మీటర్లకు పైగా ముందుకు వచ్చేస్తుంది. ఉక్కు పట్టాపై ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. నడిపేవారు మనిషిని చూసిన తరువాత బ్రేకు వేస్తే చాలా సందర్భాలలో ఆలస్యమే. ఆ మనిషి పడగానే ప్లాట్‌ఫారం మీదివారు మీట నొక్కితే, రైలు ఇంకా స్టేషనులోకి రాకముందే ఆగే అవకాశం ఉన్నది.

ఆ మీట మన దేశంలోని మెట్రో స్టేషన్లలో ప్లాట్‌ఫారం గోడకో, స్తంభానికో ఎర్రగా కనిపిస్తుంది. నొక్కండి. కాపలా ఉద్యోగిని పిలవండి. రైలు వచ్చే వైపుకు తిరిగి రెండు చేతులూ అడ్డంగా ఊపండి. పడిన మనిషి స్పృహలో ఉంటే, రైలు వచ్చే దిక్కుకు దూరంగా ప్లాట్‌ఫారం రెండవ కొసకు వెళ్ళమని అరిచి చెప్పండి. మీరు మాత్రం దిగవద్దు.

ప్లాట్‌ఫారం అంచునే అద్దాల గోడలు, రైలు తలుపులతోపాటు తెరుచుకునే ద్వారాలు అమర్చితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. సింగపూరులో భూగర్భ స్టేషన్లకు 1987 నుంచే ఇవి ఉన్నాయి. సియోల్ నగరంలో స్టేషన్లన్నిటా ఇవి అమర్చాక పట్టాలమీది మరణాలు బాగా తగ్గాయి. మన దేశంలో కొత్తగా నిర్మించే భూగర్భ మార్గాలలో ఇవి వస్తున్నాయి. అన్ని స్టేషన్లకూ రావాలని కోరుకుందాము. అవి లేనిచోట మనకున్నది పసుపుపచ్చని గీత ఒక్కటే.

పొగ

భూగర్భంలో మంటకన్న పొగ ఎక్కువమందిని చంపుతుంది. 1995 అక్టోబరు 28న అజర్‌బైజాన్ రాజధాని బాకూలో సొరంగం మధ్య ఆగిన రైలులో మంట లేచింది. అధికారిక లెక్కల ప్రకారం 289 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది పొగ పీల్చి పోయినవారే.

2003 ఫిబ్రవరి 18న దక్షిణ కొరియాలోని దేగూ నగరంలో ఒకడు రైలు పెట్టెలో నిప్పు పెట్టాడు. ఆ తరువాత ఎదురు దిశలో మరో రైలు వచ్చి పక్కన ఆగింది. మంట దానికీ అంటుకున్నది. ఆ రెండవ రైలును నడిపినవాడు రైలు తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. తలుపులు మూసుకుపోయాయి. మరణించిన 192 మందిలో ఎక్కువమంది నిప్పు పెట్టిన రైలులోనివారు కారు, ఆ రెండవ రైలులోనివారు. చేతితో తలుపు తెరిచే ఏర్పాటు పెట్టెలలో ఉన్నది. అది ఎక్కడున్నదో ఆ చీకటిలో, పొగలో చాలామందికి తెలియలేదు.

1987 నవంబరు 18న లండనులో కింగ్స్ క్రాస్ స్టేషనులో చెక్కతో చేసిన కదిలే మెట్ల కింద నిప్పు రాజుకున్నది. ఎవరో వెలిగించి పారేసిన అగ్గిపుల్ల దానికి కారణమని తేల్చారు. 31 మంది చనిపోయారు. ఆ మెట్ల కింద మంటను ఆర్పడానికి నీటి తుంపరలు చల్లే ఏర్పాటు ఉన్నది. దాన్ని ఎవరూ ఉపయోగించలేదు. అక్కడి ఉద్యోగులకు దానిలో శిక్షణ లేదు.

పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ నెత్తురులోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, వికారం, తరువాత తడబాటు, ఆపై స్పృహ తప్పడం. కోవిడ్ రోజులలో మీరందరూ కొనుక్కున్న వేలి ఆక్సీమీటర్ ఈ స్థితిలో మనలను మోసగిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌ను కూడా అది ప్రాణవాయువుతో నిండినదిగానే లెక్కవేసి, అంకెను సవ్యంగా చూపిస్తుంది. కనుక పొగ పీల్చినవారికి ఆ అంకె బాగున్నా ప్రాణవాయువు పెట్టించాలి, ఆసుపత్రికి పంపాలి.

పొగ కనిపిస్తే వంగి నడవండి, నేలకు దగ్గర గాలి కొంత మేలు. తడి గుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుంటే మసి కొంత ఆగుతుంది కాని విషవాయువు ఆగదు. కనుక ఆ గుడ్డను నమ్ముకుని అక్కడే నిలబడకండి. లిఫ్టు ఎక్కవద్దు.

గుంపులో నలిగిపోవడం

1943 మార్చి 3న లండనులోని బెత్నల్ గ్రీన్ స్టేషను యుద్ధకాలంలో జనానికి ఆశ్రయంగా ఉన్నది. హెచ్చరిక మోగగానే జనం లోపలికి వెళ్తున్నారు. మసక వెలుతురులో, తడిసిన మెట్లమీద ఒకరు తూలి పడ్డారు. వెనుకనుంచి వచ్చేవారికి ముందు ఏమయిందో కనపడలేదు. 173 మంది చనిపోయారు, వారిలో 62 మంది పిల్లలు. ఆ రాత్రి ఆ చోట ఒక్క బాంబూ పడలేదు.

గుంపులో మరణించేవారిలో చాలామంది కాళ్ళకింద తొక్కుడు పడి చనిపోరు. నిలబడే, ఊపిరాడక చనిపోతారు. ఛాతీ చుట్టూ ఒత్తిడి ఉంటే పక్కటెముకలు విచ్చుకోలేవు, గాలి లోపలికి పోదు. వినాయక నిమజ్జనం నాటి ఖైరతాబాదు స్టేషనును చూసినవారికి నేను చెప్పేది అర్థమవుతుంది. గుంపులో చిక్కుకుంటే మోచేతులు ముడిచి ఛాతీ ముందు పెట్టుకుని ఊపిరికి కొంత చోటు ఉంచుకోండి. పడిన వస్తువుకోసం వంగకండి. పిల్లలను భుజానికి ఎత్తుకోండి. కదిలే మెట్ల చివర ఫోను చూస్తూ నిలబడిపోకండి, వెనుకవారు ఆగలేరు.

గాయపడినవారికి ప్రథమ చికిత్స

ముందు 108కి ఫోను చేయండి, లేదా చేయించండి. విద్యుత్తు నిలిపివేశారని ఉద్యోగులు చెప్పేవరకు పట్టాల దగ్గరకు పోవద్దు.

నెత్తురు ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గాయంమీద అరచేతితో గట్టిగా అదమండి. మాటిమాటికీ తీసి చూడకండి. కాలో చేయో తెగిపోయినా, అదిమినా నెత్తురు ఆగకపోయినా, గాయానికి నాలుగు వేళ్ళ పైన వెడల్పాటి గుడ్డతో, నెత్తురు ఆగేంత గట్టిగా కట్టు కట్టండి. కట్టిన సమయం రాసిపెట్టండి. సన్నని తాడు, తీగ వాడవద్దు.

తెగిన భాగాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసి, ఆ సంచిని మంచు ఉన్న మరో సంచిలో పెట్టి రోగితో పంపండి. మంచు నేరుగా ఆ భాగానికి తగలకూడదు. నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో రైలు ప్రమాదం జరిగిన ఒక యువకుని చేతిని ఆతని అన్నగారు మంచుముక్కలలో నేరుగా వేసి తెచ్చారు. ఆయన ఎంతో శ్రద్ధతో తెచ్చినది, ఆ కణజాలం గడ్డకట్టి చచ్చిపోయింది. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఈ బ్లాగు రాయడం మొదలుపెట్టినప్పుడు నేను ముందుగా తలచుకున్నది ఆయననే.

పైనుంచి పడినవారి వెన్నెముక విరిగి ఉండవచ్చు. చేతులు పట్టి లాగి నిలబెట్టకండి. ప్రాణాపాయం ఎదురుగా ఉంటే తప్ప కదపవద్దు.

రైలుకు, ప్లాట్‌ఫారానికి మధ్య ఇరుక్కున్నవారు ఒక్కొక్కసారి చక్కగా మాట్లాడుతారు. నొక్కుకుపోయిన నెత్తురునాళాలు ఆ ఒత్తిడివల్లనే మూసుకుని ఉంటాయి. ఒత్తిడి తొలగించిన మరుక్షణం నెత్తురు పొంగి ప్రాణం పోవచ్చు. కనుక వారిని లాగవద్దు. వైద్య బృందం వచ్చేవరకు చేయి పట్టుకుని పేరు పెట్టి పలకరిస్తూ ఉండండి.

మనసు గాయపడినవారు

పెద్ద నగరాలలో పట్టాలమీది మరణాలలో గణనీయమైన భాగం ప్రమాదాలు కావు, బలవన్మరణాలు. దీని గురించి కుతూహలంతో మాట్లాడడం, వీడియోలు పంచుకోవడం తప్పు. రైలు నడిపేవారు కూడా అటువంటి సంఘటన తరువాత ఎన్నో రాత్రులు నిద్రకు దూరమవుతారు. వారికీ చికిత్స అవసరమే.

ప్లాట్‌ఫారం చివర ఒంటరిగా, రైళ్ళు వచ్చి పోతున్నా ఎక్కకుండా, దిగులుగా ఉన్నవారు కనపడితే దగ్గరకు వెళ్ళి ‘బాబూ, ఎక్కడికి వెళ్ళాలి?’, ‘అమ్మా, మంచినీళ్ళు కావాలా?’ అని అడగండి. చనిపోవాలనే తలంపు చాలామందిలో కెరటంలా వచ్చి, కొంతసేపటికి తగ్గుతుంది. ఆ కాసేపు పక్కన మనిషి ఉంటే చాలు. మీలో ఎవరికైనా అటువంటి తలంపు ఉంటే టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు చెల్లించనక్కరలేదు. మనసుకు వచ్చిన జబ్బుకూ మందులున్నాయి.

ఒక విన్నపం

నా భార్య ఇప్పటికీ నాతోనే మెట్రోలో వస్తుంది. కాని గంట మోగితే ఆగిపోతుంది, నా చొక్కా పట్టుకుని నన్నూ ఆపుతుంది. ఎదురుచూసే ఆ నిమిషాలలో మేమిద్దరం ఎర్రమీట ఎక్కడున్నదో వెదుకుతాము. ఒక స్టేషనులో స్తంభానికి, మరొకచోట గోడకు. రైలెక్కాక లోపలి మీట, చేతితో తలుపు తెరిచే పిడి చూసుకుంటాము. మొన్న మా మనుమడికి కూడా ఆమే చూపించింది. ఊరికే నొక్కకూడదని గట్టిగా చెప్పింది.

ఈ వారం మీరు మెట్రో ఎక్కితే, రైలు వచ్చేలోగా తల ఎత్తి ఒకసారి చుట్టూ చూడండి. ఆ మీట మీకు ఎక్కడ కనిపించిందో ఇంట్లో మరొకరికి చెప్పండి.